శుక్రవారం చూసిన క్లైమాక్స్

తాండూరులో శనివారం మ్యాట్నీ రెండున్నరకు మొదలవుతుంది. అయ్యేసరికి ఐదున్నర. వికారాబాద్ పోయే ప్యాసింజరు మాత్రం ఐదుంబావుకే కదులుతుంది. ఇంకేముంది, ఒంటిపూట పని ముగించుకుని పోయే ఎల్లప్ప, ఆయన రైలు దోస్తులు ఆరేళ్లుగా ఎన్ని సినిమాలు చూశారో చెప్పలేం గానీ, ఒక్కదాని ముగింపూ చూసిన పాపాన పోలేదు. సరిగ్గా హీరో చొక్కా చేతులు మడిచే వేళకు నలుగురూ లేచి, చీకట్లో పక్కవాళ్ల కాళ్లు తొక్కి, తిట్లు తిని బయటపడేవారు. బస్సులో పోవచ్చు కదా అంటారేమో. నెల పాసు జేబులో పెట్టుకుని బస్సుకు టికెట్టు కొనే మనుషులు కారు వాళ్లు.

పైగా రానురాను ముగింపు చూడకపోవడమే వాళ్లకు సరదా అయింది. రైలెక్కి కూర్చున్నాక ఒక్కొక్కరూ తమ క్లైమాక్స్ తాము చెప్పాలి. ఫోను చూడకూడదు, బయటివాళ్లను అడగకూడదు. సోమవారం పొద్దున నవీన్‌కుమార్ హైదరాబాదులో ఉండే తన దోస్తు నిఖిల్‌ను కనుక్కుని వచ్చి, ఎవరిది నిజమైందో తేలుస్తాడు. ఈ నవీన్ నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో బిల్లులు కొట్టే కుర్రవాడు. మిగతా ఇద్దరిలో రెబెక్క ప్రైవేటు బడిలో టీచరు, పద్మారాణి పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఎల్లప్ప తాండూరు పక్కనే ఉన్న కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్‌లో పనిచేసేవాడు.

చేసేవాడు అన్నానని గమనించారు కదా. ఆయన రిటైరై రెండు నెలలైంది. ఈ సంగతి ఫ్యాక్టరీకి తెలుసు, భార్య మొగులమ్మకు తెలుసు, రైల్లో ముగ్గురికి మాత్రం తెలియదు.

ఎందుకు చెప్పలేదంటే నర్సింహులు వల్ల. అంతకుముందు వాళ్లలో నర్సింహులు అని ఒకాయన ఉండేవాడు, సినిమా మీద నోరు విప్పితే రుక్మాపూర్ నుంచి ధారూరు దాకా ఆగేవాడు కాదు. ఆయన రిటైరైతే రైల్లోనే శాలువా కప్పారు, స్వీట్లు పంచారు, ఫోటో దిగారు. నెల తర్వాత ఏదో పని మీద ఆయన మళ్లీ అదే రైలెక్కాడు. అందరూ లేచి మర్యాదగా చోటిచ్చారు. బీపీ ఎట్లుంది, మోకాళ్లెట్లున్నయి అని అడిగారు. సినిమా గురించి ఒక్కరూ అడగలేదు. ఆయన కాసేపు చూసి చూసి, కళ్లు మూసుకుని నిద్రపోయినట్టు కూర్చున్నాడు. అది ఎల్లప్ప మనసులో ముల్లులా దిగిపోయింది. ఉద్యోగం పోతే ఏమైంది, ముప్పై ఏళ్లు చేశాడు, చాలు. కానీ సినిమా చూసొచ్చి చెప్పుకోవడానికి మనిషి లేకపోతే ఎట్లా బతకడం? మొగులమ్మకు సినిమా అంటే పాటలు, పాటలైపోతే నిద్ర.

అందుకని పాసు మళ్లీ తీశాడు. టిఫిన్ డబ్బాతో ఎప్పటిలాగే ఎనిమిది గంటల రైలెక్కి తాండూరులో దిగేవాడు. లైబ్రరీలో పేపర్లన్నీ తిరగేసేవాడు, స్టేషన్ బెంచీ మీద అన్నం తినేవాడు, సాయంత్రం వాళ్లతోనే తిరిగొచ్చేవాడు.

"సిన్మా ముచ్చట్ల కోసం పాసు తీసెటోడు దునియల నువ్వొక్కనివే," అనేది మొగులమ్మ. "అయినా డబ్బల పచ్చడి వెట్టిన, మర్చిపోక తిను," అని కూడా ఆమే అనేది.

అంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు శుక్రవారాలతో వచ్చింది. పొద్దుపోక ఒక శుక్రవారం కొత్త సినిమా మ్యాట్నీకి పోయాడు. ఐదు కాగానే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో కూసోమన్నారు. కూర్చున్నాడు. ఆరేళ్లలో మొదటిసారి ముగింపు చూశాడు. చూసి, పాపం, కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు అదే సినిమాకు వాళ్లతో మళ్లీ పోయి, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. తీరా రైల్లో ఆయన వంతు వచ్చేసరికి, నోట్లో నువ్వుగింజ నానని మనిషి కదా, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సోమవారం ఎల్లప్పే గెలిచాడు. ఇక ప్రతి శుక్రవారమూ పోవడం మొదలుపెట్టాడు, రెండో వారమూ గెలిచాడు, మూడో వారమూ గెలిచాడు. శుక్రవారం సాయంత్రాలు రైల్లో కనపడవేమంటే, "స్టోర్‌ల పని ఎక్కువుంది, ఎనక బండికి వస్త," అన్నాడు. వాళ్లు నమ్మారు.

నాలుగో శనివారం సినిమా ఇద్దరు అన్నదమ్ములది. లారీ నడిపే అన్నకూ, చెక్‌పోస్టులో పనిచేసే తమ్ముడికీ పదేళ్లుగా మాటల్లేవు. విలన్ అన్నకు తెలియకుండా లారీలో దొంగ సరుకు పెట్టించాడు. లారీ చెక్‌పోస్టు వైపు వస్తుండగా మనవాళ్లు లేచి వచ్చేశారు.

రైలు కదలగానే మొదలైంది.

"నాకైతె ఇంటర్వెల్ దాక మస్తనిపించింది," అంది రెబెక్క. "తర్వాత ఆ విలన్ విగ్గు చూసుడే సరిపాయె. కథ మీద ధ్యాస పోతేనా?"

"హీరోయిన్ ఏం పని జేస్తదో జర చెప్పున్రి," అంది పద్మారాణి. "మూడుసార్లు చాయ్ దెచ్చింది, ఒక పాట పాడింది. గంతే."

"అక్కా, లారీ సీన్ల మ్యూజిక్ విన్నవా? సీటు వణికింది," అన్నాడు నవీన్.

"అది మ్యూజిక్‌కు గాదు. ఎనకాయన కాళ్లూపుతుండు," అంది పద్మారాణి.

క్లైమాక్స్ దగ్గరికి వచ్చారు. తమ్ముడు తుపాకీ గుండు తగిలి అన్న ఒడిలో ప్రాణం విడుస్తాడన్నాడు నవీన్. కేసు కోర్టుకు పోయి, తల్లి సాక్ష్యంతో తేలుతుందంది రెబెక్క. హీరోయినే లారీ నడుపుకొస్తుందనీ, తనను రాయమంటే అట్లాగే రాస్తాననీ పద్మారాణి అంది. అందరూ ఎల్లప్ప వైపు తిరిగారు.

తప్పు చెప్దామనే అనుకున్నాడాయన. ప్రమాణం చేసి చెప్పొచ్చు, పొద్దుననుంచీ ఒక తప్పుడు క్లైమాక్స్ కూడగట్టుకునే ఉన్నాడు. కానీ నిన్న చూసింది ఇంకా గుండెలో కదులుతూనే ఉంది.

"ఫైటు గీటు ఉండదు," అన్నాడు మెల్లగా. "వాన కొడ్తుంటది. లారీ ఆగుతది. అన్న దిగి, పట్టుకో అన్నట్టు చేతులు ముందలికి వెడ్తడు. తమ్ముడు బేడీలు తియ్యడు. గొడుగు తెర్చి అన్న నెత్తి మీద పట్టుకుంటడు. తను తడుసుకుంట నిలవడ్తడు. ఆ గొడుగుకు తెల్లగుడ్డ అతుకుంటది. అమ్మ ఏసిన అతుకు."

పద్మారాణి ముక్కు ఎగబీల్చింది. రెబెక్క మాత్రం పదేళ్లుగా పిల్లల కాపీలు పట్టుకుంటున్న మనిషి.

"అన్నా, ఆ గొడుగు యాడికెల్లి వచ్చింది? మనం చూసినంతల గొడుగే లేకపాయె. దానికి అతుకున్నదని నీకెట్ల ఎరుక?"

దొంగకు తేలు కుట్టినట్టయింది ఎల్లప్పకు. నవీన్ అప్పటికే ఫోను తీశాడు. నిఖిల్ అవతలినుంచి, "అవ్‌రా, తెల్లగుడ్డ అతుకు. అది సూపెట్టంగనే మా లైన్ల అందరు ఏడ్సిన్రు. నీకెవరు చెప్పిన్రు?" అన్నది నలుగురికీ వినిపించింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నిన్న చూసిన," అన్నాడు ఎల్లప్ప.

"నిన్న డ్యూటీ లేదా?" అంది రెబెక్క.

"నిన్న లేదు, మొన్న లేదు. రిటైరై రెండు నెలలాయె. చెప్తే మీరు నన్ను పెద్దమనిషిని జేసి పక్కకు కూసోవెడ్తరని చెప్పలె." సిగ్గుతో తల వంచుకున్నాడు.

పద్మారాణి గబుక్కున లేచింది. "అయ్యో, గిట్ల కిటికీ కాడికి రాన్రి అన్నా. జర గాలి తాకుతది. మంచినీళ్లు దాగుతరా?"

పొద్దున ఇదే పద్మారాణి, "కాళ్లు జర్గు, తోవకడ్డం వెట్టినవ్," అని కసిరింది. అయిపోయింది, తనకిక మోకాళ్ల ముచ్చట్లే గతి అనుకున్నాడు ఎల్లప్ప.

"నువ్వు జర ఆగక్కా," అన్నాడు నవీన్. వాడి మొహం ఎర్రబడి ఉంది. "కాకా, రిటైరైతె అయితివి. గది నీ ఇష్టం. మూడు వారాల సంది చూసొచ్చే చెప్తున్నవా?"

"ఆ."

"మా యూనిట్‌ల అందరికి చెప్పుకున్న, మా కాకా సగం సినిమా చూసి క్లైమాక్స్ చెప్తడని. నా ఇజ్జత్ దీసినవ్. నేను టాకీసు కాడికెల్లి స్టేషన్ దాక బుర్ర గోక్కుంటుంటే నువ్వు చూసొచ్చి గెలుస్తవా?"

"మోసమే," అంది రెబెక్క, పరీక్ష హాల్లో చీటీ పట్టుకున్నంత గట్టిగా. "శిక్ష వెయ్యాలె. నాలుగు శనివారాలు సినిమాకు రావాలె, రైలెక్కాలె, మేం చెప్పేది వినాలె. నువ్వు మాత్రం క్లైమాక్స్ చెప్పొద్దు."

"శుక్రారం టాకీసు దిక్కు వోయినవని తెలిస్తే మల్ల మొదట్నుంచి నాలుగు," అన్నాడు నవీన్.

ఎల్లప్ప తలెత్తి ముగ్గురి మొహాలూ చూశాడు. నిజంగానే కోపంగా ఉన్నారు. నీళ్ల సీసా తీసిన పద్మారాణి కూడా, జరిగిన అన్యాయం అప్పుడే తలకెక్కినట్టు, దాన్ని మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

"నాలుగెక్కువైతయి. రెండు జెయ్యున్రి," అన్నాడు ఎల్లప్ప, బేరమాడకపోతే బాగుండదని.

"కథలు వడకు. జరుగు, కాళ్లు తియ్యి," అంది పద్మారాణి.

ఆయన కాళ్లు తీశాడు. నవ్వొచ్చింది, నవ్వబోతే కళ్లలో నీళ్లొచ్చాయి, తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లు అప్పటికే మళ్లీ సినిమాలో పడ్డారు. గొడుగు ముగింపు బాగుందా లేదా అని వాదన. అసలు చెక్‌పోస్టులో గొడుగెందుకుంటదని నవీన్, వానకాలం ఉండదా అని రెబెక్క. ఇద్దరు చెప్పేదీ తప్పే. గొడుగు లారీ సీటు కింద ఉంది, అన్న పదేళ్లుగా దాచింది, తమ్ముడు సోదా చేస్తే దొరికింది. ఎల్లప్ప నోరు తెరిచాడు.

"అన్నా," అంది రెబెక్క, వేలు చూపించి.

నోరు మూసుకున్నాడు. ధారూరు దాటింది, గోధుమగూడ దాటింది, వాళ్లిద్దరూ తప్పు మీద తప్పు చెబుతూనే ఉన్నారు. ఎల్లప్ప మధ్యలో ఇరుక్కుని కూర్చుని, చెప్పలేక సతమతమవుతూ, వికారాబాద్ వచ్చేదాకా ఒక్కో మాటా ఆశగా విన్నాడు.