దెబ్బ తిన్నవాళ్లదే చప్పుడు

అచ్యుతరామారావు మాస్టారు లోకంలో నన్నొక్కదాన్నే కొట్టేవారు. అదీ ప్రైజు కోసం.

బందరు రోడ్డు మీద స్కూటరుకి కుక్కపిల్ల అడ్డమొస్తే, దిగి దాన్ని అవతలికి దాటించి, మళ్లీ కిక్కు కొట్టే మనిషాయన. బడిలో సోషలు చెబుతారు. పిల్లలు వెనకాల వెక్కిరించినా నవ్వి ఊరుకుంటారు. అలాంటాయనకి పెట్టుడు మీసం అంటించి, ‘మీసమున్న సంసారం’ అనే నాటికలో మొగుడి వేషం ఇచ్చారు సంజీవరావు గారు. రాసిందీ ఆయనే, దర్శకత్వమూ ఆయనదే. ఆయన బ్యాంకులో పనిచేసేవారు. అక్కడ ఆయన మాట ఎవరూ వినరు, అందుకని నాటికల్లో అందరిచేతా వినిపించేవారు. పెళ్లాం వేషం నాది. నా పేరు ఫరహత్. పగలు గవర్నరుపేటలో టైపు నేర్పేదాన్ని, సాయంత్రాలు రిహార్సల్సు. తొంభై ఎనిమిది నాటి మాట ఇది.

నాటికలో మొగుడు మూడు సీన్ల పాటు ఓర్చుకుంటాడు. నాలుగో సీన్లో పెళ్లాం చెంప ఛెళ్లుమనిపిస్తాడు. అంతటితో దానికి బుద్ధొచ్చి కాళ్ల మీద పడుతుంది. తెర. ఒక్క దెబ్బకి అంత బుద్ధొచ్చే మాటైతే మా ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషన్లు ఈపాటికి మహాజ్ఞానులై ఉండాలి. కానీ నాటక పరిషత్తు పోటీల్లో ఆ దెబ్బకి పడే చప్పట్లు చూసి తీరాలి! నాటిక అవగానే మగవాళ్లంతా వరసకట్టి వచ్చి మాస్టారి కుడిచెయ్యి పట్టుకుని ఊపేవారు. “దెబ్బంటే మీదండీ! మగాడంటే మీరండీ!” అనేవారు. మాస్టారు మీసం కింద సిగ్గుపడిపోయి, వాళ్లు వెళ్లగానే నా దగ్గరికొచ్చి, “ఏమనుకోకమ్మా, తగల్లేదు కదా?” అని అడిగేవారు.

తగలడానికేముంది? ఆయన చెయ్యి నా చెంపకి జానెడు దూరంలోంచి పోయేది. “కొట్టేవాడు గాలిని కొట్టాలి, చప్పుడు మాత్రం దెబ్బ తిన్నవాళ్లది,” అనేది సంజీవరావు గారు మాకు మొదటి రోజే నేర్పిన సూత్రం. మాస్టారి చెయ్యి లేవగానే నేను జనానికి వీపు పెట్టి, నడుము దగ్గర రెండు చేతులూ ఫట్‌మని చరిచి, “అబ్బా!” అని అరిచి, చెంప పట్టుకుని తూలాలి. ఈ పని తప్పకుండా చెయ్యాలని మా ఇద్దరి చేతా ఎంతగా సాధన చేయించారంటే, దారిలో ఎవరైనా తల గోక్కోవడానికి చెయ్యెత్తినా మా చేతులు వాటంతటవే కలిసేవి.

ఇక్కడివరకూ బాగానే ఉంది. చిక్కంతా మా నాన్నతో.

మా నాన్న అబ్దుల్ రవూఫ్‌కి వన్‌టౌన్‌లో పరుపుల కొట్టు. ఏళ్ల తరబడి దూది ఏకి ఏకి ఆయన భుజాలు బియ్యం బస్తాల్లా ఉండేవి. జుట్టులో ఎప్పుడూ దూది. మా ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగరు. నేను నాటకాల్లోకి వెళతానన్నప్పుడు చుట్టాలంతా కాదన్నా, ఆయన ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద.

“స్టేజి మీదైనా సరే, నీ మీద ఎవడి చెయ్యీ లేవకూడదు. లేచిన రోజున నాటకం బంద్. సరేనా?”

“సరే అబ్బా.”

“ఇంతకీ ఏం వేషం?”

“డాక్టరమ్మ, అబ్బా.”

నోటికొచ్చిన అబద్ధం. నాకు స్టేజి అంటే ప్రాణం. లైటు మొహాన పడగానే టైపు మిషన్లూ, నెలాఖర్లూ, నాకు సంబంధాలు చూసే చిన్నమ్మలూ అందరూ మాయమైపోయేవారు. ఆ లైటు నా నుంచి పోతుందన్న ఊహే భరించలేకపోయేదాన్ని. పొన్నూరు, తెనాలి, హనుమాన్ జంక్షన్ అంటూ దూరాలు చెప్పి నెట్టుకొచ్చాను. తీరా కంకిపాడులో పోటీలు శుక్రవారం సాయంత్రం వచ్చి కూర్చున్నాయి. శుక్రవారం మా కొట్టుకి సెలవు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, “డాక్టరమ్మని చూద్దాం పద,” అని నాతోపాటే బస్సెక్కారు.

మేకప్ గదిలో సంజీవరావు గారి కాళ్లా వేళ్లా పడ్డాను. “ఈ ఒక్క రోజుకీ దెబ్బ తీసెయ్యండి సార్.”

“దెబ్బ తీసేస్తే నాటికలో ఇంకేం మిగుల్తుందమ్మా? మీసమొక్కటే!” అన్నారాయన.

మాస్టారి వైపు తిరిగాను. ఆయన మీసానికి జిగురు రాసుకుంటున్నారు. ఆయన మొహం చూస్తే జాలేసింది. “నా బతుక్కి నన్ను మగాడన్నది ఆ ఒక్క దెబ్బేనమ్మా. ఈసారి ఉత్తమ నటుడు నాదే అంటున్నారు. పోనీ, మెల్లిగా కొడతాలే,” అన్నారు.

మెల్లిగా గాలిని కొడితే ఏమిటి, గట్టిగా గాలిని కొడితే ఏమిటి! కరెంటు పోవాలని మొక్కుకున్నాను. రోజూ పోయే కరెంటు ఆ రోజు పెళ్లికొచ్చిన చుట్టంలా కదలకుండా కూచుంది.

తెర లేచింది. నాన్న రెండో వరసలో, న్యాయనిర్ణేతల వెనకాలే కూర్చున్నారు. మొదటి సీన్లో నా మెడలో స్టెతస్కోపు లేకపోవడం చూసి కుర్చీలో అటూ ఇటూ కదిలారు. రెండో సీన్లో నేను అంట్లు తోమడం చూసి పక్కాయన్ని ఏదో అడిగారు. నాలుగో సీను వచ్చేసింది. మాస్టారు మీసం మెలేశారు. చెయ్యెత్తారు. నా చేతులు ఫట్‌మన్నాయి. భయానికి గొంతు ఎప్పటికంటే పైకి లేచింది.

“అబ్బా!”

రెండో వరసలోంచి గావుకేక వినబడింది. “వస్తున్నా బేటా!”

అప్పుడు వెలిగింది నా బుర్ర. అన్ని ఊళ్లలో, అన్నిసార్లు అరిచాను కానీ, ఆ అరుపు మా నాన్నని పిలిచే పిలుపేనని ఒక్కనాడూ తట్టలేదు. తెలుగు పెళ్లాం నొప్పికి అరిచింది. మా నాన్నకి మాత్రం కూతురు పిలిచినట్టే వినబడింది!

ఆయన కుర్చీ వెనక్కి తన్నేసి, చొక్కా చేతులు పైకి మడుస్తూ, జనం మధ్యలోంచి స్టేజి వైపు నడిచొచ్చారు. జనం ఊగిపోయారు. వాళ్లకి అది నాటికలో భాగమే. “పెళ్లాం తండ్రిని జనంలో కూచోబెట్టార్రా! ఏం ఐడియా!” అంటూ చప్పట్లు కొట్టారు. తాతల కాలం నుంచీ పద్యాలకి వన్స్‌మోర్లు కొట్టి ముదిరిన ఊరది. వెనకనుంచి ఎవరో మొదలెట్టారు. “వన్స్‌మోర్!” గ్రౌండంతా అందుకుంది. “వన్స్‌మోర్! వన్స్‌మోర్!”

వన్స్‌మోర్ అడిగితే ఇవ్వకపోవడం సభకి అవమానం. పక్క తెర వెనకనుంచి సంజీవరావు గారు, నా మొహమూ చూడరు, మా నాన్న భుజాలూ చూడరు, “కానివ్వండి మాస్టారూ! మళ్లీ కొట్టండి!” అని చేతులు ఊపుతున్నారు. పద్యం మళ్లీ పాడించుకున్నట్టు నా చెంప మళ్లీ అడుగుతున్నారే! నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పటికి మా నాన్న స్టేజి ముందుకొచ్చి, నడుమున చేతులు పెట్టుకుని నిలబడ్డారు. మాస్టారు ఆయన్ని చూశారు. అయినా కుడిచెయ్యి ఎత్తారు. ఊపారు. గాలి తగిలింది. నా చేతులు మాత్రం కలవలేదు. కలపలేదు నేను. నాన్న కళ్లెదురుగా ఆ చప్పుడు చెయ్యడానికి నాకు మనసు రాలేదు.

“చప్పుడేదిరా?” అన్నాడెవడో.

మాస్టారికి చెమటలు పట్టి మీసం ఒకపక్క ఊడి వేలాడింది. నెత్తిమీద మైకు వేలాడుతోందన్న సంగతి మర్చిపోయి, “అమ్మా ఫరహత్, చప్పుడమ్మా! చప్పుడు!” అని గుసగుసలాడారు. ఆ గుసగుస నాలుగు లౌడుస్పీకర్లలోంచి కంకిపాడు సెంటరు దాకా పోయింది. జనం పొట్టలు పట్టుకున్నారు.

నాకూ నవ్వొచ్చింది. నవ్వులోంచే ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది. చెయ్యెత్తాను, మాస్టారి చెంపకి జానెడు దూరంలోంచి ఊపాను.

ఆయన మహా దొడ్డ నటుడు. సూత్రం సూత్రమే. నా చెయ్యి లేచీ లేవగానే జనానికి వీపు పెట్టి, నడుము దగ్గర రెండు చేతులూ ఫటేల్‌మని చరిచి, చెంప పట్టుకుని తూలి, గొంతెత్తి అరిచారు.

“అబ్బా!”

మా నాన్న కింద నుంచి ఆయన వంక ఎగాదిగా చూశారు. “నువ్వెందుకయ్యా నన్ను పిలుస్తావ్?”

ఆ పైన నాటిక లేదు. కుర్చీల మీద నిలబడినవాళ్లు కుర్చీల మీద, కింద దొర్లినవాళ్లు కింద. మాస్టారికి నాలుగుసార్లు వన్స్‌మోర్ పడింది. ఆ నాలుగుసార్లూ ఆయనే చరుచుకున్నారు, పాపం, ఒక్కసారి కూడా తాళం తప్పలేదు. తర్వాత ఎప్పుడో ప్రైజులిచ్చినప్పుడు ఉత్తమ నటుడు ఆయనకే వచ్చింది. ‘జనంలోంచి వచ్చిన తండ్రి పాత్రధారి’ అని మా నాన్నకీ ఒక జ్ఞాపిక ఇచ్చారు. ఐడియా నాదేనని సంజీవరావు గారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కానీ ఆ సాయంత్రం బస్సులో నాకవేమీ తెలియవు. కిటికీ పక్క నాన్న, ఇవతల నేను. పోరంకి దాకా ఆయన మడిచిన చొక్కా చేతులు దించలేదు. నా లైటు ఆరిపోయిందనే అనుకున్నాను.

“గట్టిగా తగిలిందా?” అన్నారు చివరికి.

“తగల్లేదు అబ్బా. అసలు తగలదు. ఇలా...” అంటూ చేసి చూపించాను. ఫట్‌మంది. ముందు సీటాయన ఉలిక్కిపడి తన చెంప తడుముకున్నాడు.

నాన్న నవ్వలేదు. నా అరచేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశారు. ఎర్రగా ఉన్నాయి.

“అంటే, చెయ్యెత్తేది ఆయన. చప్పుడు నువ్వు చేసిపెడతావు.”

“అవును.”

“మగాడని చప్పట్లేమో ఆయనకి.”

“అవును అబ్బా.” అంత సూటిగా నాకు నేనెప్పుడూ చెప్పుకోలేదు.

బస్సు బెంజి సర్కిల్ దగ్గరికొచ్చింది. నాన్న లేచి, పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

“నాటకం మానొద్దులే. అక్కడ నువ్వు చెయ్యెత్తినప్పుడు నీ మొహం చూశాను, ఇంట్లో ఎప్పుడూ అంత వెలుగు చూడలేదు. కానీ ఒక్క మాట, బేటా. నిన్ను కొట్టేవాడికి చప్పుడు నువ్వు చేసిపెట్టకు.”

ఆ తర్వాత ఏ ఊళ్లోనూ మాస్టారి దెబ్బకి చప్పుడు రాలేదు. నా దెబ్బకి మాత్రం ఆయన ఏనాడూ లోటు చెయ్యలేదు.