మూడో సెల్లార్ అంకె తొమ్మిది

ఆ బిల్డింగులో ఏ ఏసీ ఎప్పుడు ఆడాలో, ఏ ఫ్యాను ఎప్పుడు తిరగాలో చూసుకునే పెట్టెలు అంతస్తుకి రెండు మూడు ఉంటాయి. కంట్రోలర్లంటారు వాటిని. వాటి ఆలనాపాలనా చూసేది ఒక్కతే కాబట్టి వాచ్‌మన్ నుంచి మేనేజర్ దాకా ఆమెని పెట్టెలమ్మ అనే పిలుస్తారు. మొదట్లో ఉడుక్కునేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. పెట్టెలన్నీ మార్చారు గానీ, మూడో సెల్లార్‌లో ఉన్న ముసలి పెట్టెని మాత్రం వచ్చే ఏడాది చూద్దాంలే అని మేనేజర్ వదిలేశాడు. మహానుభావుడు! కొత్త సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆ మోడల్ పేరే లేదు. వెతికి వెతికి విసుగెత్తి, నంబరు దగ్గరదగ్గరగా ఉంది కదా అని పక్క మోడల్ని నొక్కింది. తెర మీద పచ్చ లైటు వెలిగింది. ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది అదే చేస్తారు, చేసి హమ్మయ్య అనుకుంటారు. తనూ అనుకుంది. టీ తెచ్చుకుని మరీ అనుకుంది.

మూడో సెల్లార్‌లో, కార్లకి దారి చూపే గాజు గదిలో కూర్చునేది ఆమె మామగారు. బస్సు డ్రైవరుగా రిటైరై, పొద్దు గడవక ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేస్తుంటే, మేనేజర్ని బతిమాలి ఆ ఉద్యోగం ఇప్పించింది తనే. ఆ రోజు నుంచి అత్తగారు కోడల్ని నెత్తిన పెట్టుకుంది.

మధ్యాహ్నం పై హాల్లో మీటింగు అయిపోయింది. జనమంతా ఒక్కసారే కిందికి దిగి కార్లు స్టార్ట్ చేశారు. బయట గేటు దగ్గర లారీ ఒకటి అడ్డం పడటంతో ఎక్కడి కార్లు అక్కడే పొగ కక్కుతూ నిలబడ్డాయి. అప్పుడే ఇంటర్‌కమ్ మోగింది.

"అమ్మాయ్, కళ్ళు మండుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయా?"

ఆమె తెర వంక చూసింది. మూడో సెల్లార్ ఫ్యాను బొమ్మ గిరగిరా తిరుగుతోంది. పక్కనే కార్ల పొగలోని విషవాయువు అంకె, తొమ్మిది, అంటే చాలా తక్కువ.

"తిరుగుతున్నాయి మామయ్యా. గాలి బానే ఉంది."

సరేనని పెట్టేశాడాయన. ఆమె మేనేజర్‌కి పంపాల్సిన రిపోర్టులో తల దూర్చింది. కాసేపటికి యథాలాపంగా తెర వైపు చూస్తే మొదటి సెల్లార్ అంకె ముప్ఫై దాటింది. రెండోది నలభై. మూడోది తొమ్మిది.

అన్నిటికంటే కింద ఉన్నది, అన్నిటికంటే ఎక్కువ కార్లున్నది, అది మాత్రం తొమ్మిదెలా ఉంటుంది? పొద్దుట్నుంచీ ఎప్పుడు చూసినా తొమ్మిదే, ఎనిమిదైంది లేదు, పదైంది లేదు. అప్పుడు వెలిగింది బుర్ర. కొత్త మోడల్‌కి విషవాయువు అంకె ఉండే గడిలో, ముసలి పెట్టెకి ఇంకేదో సంబంధం లేని అంకె ఉంది. తిరిగే ఫ్యాను బొమ్మ కూడా ఫ్యాను ఇచ్చిన జవాబు కాదు. ఫ్యాన్లు తిరగమని పొద్దున తను ఇచ్చిన ఆర్డరే తిరిగొచ్చి తనకి కనిపిస్తోంది. కింద ఫ్యాన్లు కదల్నే లేదు.

ఇంటర్‌కమ్ తీసి నొక్కింది. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

సెక్యూరిటీ వాళ్ళకి కార్ల ఇంజన్లు ఆపించమనీ అంబులెన్సుని పిలవమనీ చెప్పి మెట్ల మీదుగా కిందికి పరిగెత్తింది. టీకి బయటికెళ్ళుంటాడని తనకి తాను చెప్పుకుంది. డ్యూటీలో కుర్చీ వదిలే మనిషి కాడని తనకి తెలీదా ఏం? ఆయన లేకుండా ఇంటికెళ్ళి అత్తయ్యకి ఏ మొహం చూపించాలి, కట్టుకున్నవాడికి ఏమని చెప్పాలి? చున్నీ ముక్కుకి చుట్టుకుని తలుపు తోసింది.

లోపల పొగ దట్టంగా ఉంది. డ్రైవర్లు దగ్గుకుంటూ ర్యాంపు వైపు నడుస్తున్నారు. తలుపు పక్కనే గోడకున్న ఫ్యాన్ల స్విచ్చిని ఆటో నుంచి, పెట్టెతో పనిలేని మాన్యువల్‌కి తిప్పింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణంలో ఆమె చచ్చి బతికింది. తర్వాత హోరుమని మొదలయ్యాయి.

గాజు గదిలో ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. ఒక చెయ్యి ఇంటర్‌కమ్ పక్కనే ఉంది. భుజం పట్టి కుదిపితే తల అటు వాలింది. ఇక అయిపోయిందనుకుంది. అప్పుడు ఆయన మూలిగాడు.

ఒక డ్రైవరు వెనక్కొచ్చి చెయ్యేశాడు. ఇద్దరూ కలిసి మోసుకుంటూ ర్యాంపు ఎక్కుతుంటే అతను రొప్పుతూ చెప్పాడు: "పైకి రా పెద్దాయనా అని చెప్తూనే ఉన్నాం మేడం, వినలేదు. మా కోడలు చూసి చెప్పింది, గాలి బానే ఉందంది, మీకంటే తనకి బాగా తెలుసు అని కూర్చున్నాడు."

ఆమెకి ఏడుపు వచ్చింది గానీ, మోస్తున్న బరువుకి ఏడవడానికీ ఊపిరి చాల్లేదు.

రోడ్డు మీద అంబులెన్సులో ఆయన్ని పడుకోబెట్టి మాస్కు తగిలించారు. కాసేపటికి మొహంలో రంగు మారింది, కళ్ళు తెరిచాడు. ప్రాణానికేం ప్రమాదం లేదు, ఆసుపత్రికి తీసుకెళ్ళి చూద్దామన్నాడు నర్సు. ఆమె అంబులెన్సు మెట్టు మీదే కూలబడి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఒళ్ళో ఉన్న ఫోన్లోనూ ఆఫీసు తెర మీది బొమ్మలే, మూడో సెల్లార్ ఇంకా పచ్చగానే వెలుగుతోంది, పక్కన తొమ్మిది.

ఆయన మాస్కు కొంచెం పక్కకి జరిపాడు.

"ఇప్పుడు గాలి బానే ఉందా అమ్మాయ్? కింద డ్యూటీలో ఎవరూ లేరు, దిగనా?"

ఆమె ఒళ్ళో ఫోన్ని బోర్లా తిప్పింది. ఆయన మాత్రం, కోడలు చెప్పేదాకా ఆగుదామన్నట్టు, మాస్కు చేత్తో పట్టుకుని అలాగే చూస్తున్నాడు.