ఏ దేవుడు పెట్టిన ఉపాసం

"పిల్లకు గాలి సోకినట్టుంది. మజీదు కాడ ఊదిచ్చుకరాపో" అన్నది మా అత్త దుర్గవ్వ, నేను వాకిట్లో పొత్తిగుడ్డలు పిండుతుంటే. గుడ్డలు ఆరేసి, అన్నం వండి దించి, బిడ్డనెత్తుకుని బయలుదేరాను. ఐదో నెల పడ్డా బిడ్డకు ఒళ్ళు రాలేదు. రొమ్ము అందుకుంటుంది, వదిలేస్తుంది, ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి నిద్రపోతే నాకు భయం, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను. "నీ పాలు ఉత్త నీళ్ళే" అంటుంది అత్త. "బడి సగంల ఇడిసిపెట్టినదానివి, పిల్లను సాకుడు నీకేం తెలుస్తది" అంటాడు మా ఆయన. బడి నేను విడిచిపెట్టలేదు, పెళ్ళి చేసి మాన్పించారు. ఆ మాట ఎప్పుడూ నోట్లోనే ఉండిపోతుంది.

ఎల్లారెడ్డిలో మా వాడ తల్లులందరం చేసే పనే ఇది. సాయంత్రం నమాజు అయ్యే వేళకు మజీదు గేటు పక్కన నిలబడతాం. బయటికొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి పిల్లల ముఖాల మీద ఊది పోతారు. ఎవరి పిల్లలని అడగరు. అది ఎండాకాలంలో వచ్చిన రంజాన్. పగలంతా గుక్కెడు నీళ్ళు ముట్టనివాళ్ళు, అన్నానికి ఇంటికి పోయే తొందరలోనూ ఆగారు. ముసలి అబ్బాస్ తాత రెండుసార్లు ఊది, "మంచిగైతది బిడ్డా" అన్నాడు. పిల్ల ఏడుపు మానలేదు.

మజీదు ఎదురింటి గడపలోంచి బద్రున్నీసా అవ్వ పిలిచింది. "ఇటొచ్చి కూసో. పాలియ్యి పిల్లకు."

ఇచ్చాను. పిల్ల రెండు గుక్కలు లాగి, మొహం తిప్పుకుని గుక్కపట్టింది.

"పొద్దటి సంది ఏం తిన్నవే?"

"ఎల్లిగడ్డ కారంతోని రెండు ముద్దలవ్వా. పత్తెం గదా. నీళ్ళెక్కువ తాగితే పిల్లకు సర్ది చేస్తదట."

"ఇంకా పత్తెమా! రేపో మాపో పిల్ల కూసుంటది, నీ పత్తెం మాత్రం లేవదు" అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "మా తాన పాలిచ్చే తల్లికి రోజా మాఫే బిడ్డా. అల్లానే ఇడిసిపెట్టిండు. మరి నీకు ఏ దేవుడు పెట్టిండు ఈ ఉపాసం?"

ఆలోచించాను. మా దేవుళ్ళలో ఎవరూ పెట్టలేదు.

తను ఖర్జూరం ఒక్కటే తిని ఉంది. తన కోసం పెట్టుకున్న అన్నం, పుల్లపప్పు నా ముందుకు జరిపి, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. పప్పు తింటే పిల్ల కడుపు ఉబ్బుతుందంటుంది అత్త. అయినా తిన్నాను. చెంబెడు నీళ్ళు తాగాను. ఎన్నాళ్ళకో ఒకరు నేను తింటుంటే చూస్తూ కూర్చున్నారు, ఎంత తింటున్నానో లెక్క చూడటానికి కాదు. కాసేపటికి పిల్లను అందుకున్నాను. ఈసారి వదల్లేదు. గుటక వేసిన చప్పుడు నాకు వినిపించింది.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని ముందు నా కంచంలో అన్నం పెట్టుకున్నాను. మీద పప్పు పోసుకున్నాను.

"ఏందే గిది? మగోడు ఇంకా తిననేలేదు" అన్నది అత్త.

"నేను గాదత్తా, పిల్ల తింటున్నది."

అత్త బిందె ఎత్తుకుని వాకిట్లోకి నడిచింది. నేను రెండోసారి వడ్డించుకున్నాను.