ఎజెండాలో ఏడో అంశం

విల్‌ఫ్రెడ్ ఆర్మెరాడ్ ఆ విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రారు. పగలు మినిట్సు రాసే ఆ చెయ్యి సాయంత్రం కవిత్వం రాసేది. భార్య మ్యురియల్ పోయిన నాటి నుంచి ఆ చెయ్యి కవిత్వం మానేసింది. పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఎనిమిది పంక్తులు వచ్చాయి, ఆమె గురించే. చివరి పంక్తి ఒక్కదానికే నెల పట్టింది: ‘ఆమె ఇక రాదు.’

ఖర్మ కాకపోతే, ఆ కాగితం వెళ్లి విశ్వవిద్యాలయాన్ని నడిపే సెనేట్ సమావేశపు కాగితాల్లో పడింది. టైపిస్టు మిసెస్ బ్రాకెట్ దానికి ఏడో అంశమని నంబరు వేసి, నలభై ప్రతులు తీసి పంచేసింది. ఆరోది సైకిళ్ల షెడ్డు, ఎనిమిదోది గొడుగుల స్టాండు.

ఆర్మెరాడ్ దాన్ని చూసింది సమావేశంలోనే. నాదే అంటే పరువు పోతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఇక ఆ సెనేట్ పెద్దలంటారా, ఉరికైనా ఒప్పుకుంటారు గాని కాగితాలు చదవలేదని ఒప్పుకోరు.

"ఏడో అంశం. అందరూ చదివారుగా?" అన్నాడు అధ్యక్షుడు ప్రొఫెసర్ హెస్కెత్.

"చదవకేం, రెండుసార్లు చదివాను," అంటూ అప్పుడే పేజీ తిప్పాడు కెమిస్ట్రీ డాక్టర్ పామ్‌ఫ్రెట్. "రెండో పంక్తిలో వాన ఉంది. అది జాగ్రఫీ వాళ్లది కదండీ?"

"వాళ్లకే పంపుదాం. ఇంకా?"

"ఆవిడ నీలం స్కార్ఫు ఇంకా కొక్కేనికే వేలాడుతోందట. పోయిన వస్తువుల గదికి పంపరేం?" అన్నాడు ఇంకో సభ్యుడు.

 ఆర్మెరాడ్ అదీ రాసుకున్నాడు.

"ఈ చివరి పంక్తి మాత్రం తొందరపాటయ్యా," అన్నాడు హెస్కెత్. "ఆవిడ ఇక రాదని మనమెలా తేలుస్తాం? ఆధారమేదీ?"

"ఆధారం ఉందండీ," అన్నాడు ఆర్మెరాడ్ నెమ్మదిగా.

"ఉంటే జతచేయలేదేం? ఇన్నేళ్ల సర్వీసు నీది, నీకు నేను చెప్పాలా?"

సమాధి దగ్గర చలిలో నిలబడ్డవాడు తనే. ఇంకేం జతచేస్తాడు?  ‘ఆమె రాక విషయం వచ్చే సమావేశానికి వాయిదా’ అని ఏకగ్రీవంగా సవరించారు. ఆర్మెరాడ్ తన చేత్తోనే దాన్ని మినిట్సులో ఎక్కించాడు.

అయిదింటికి ఇల్లు చేరి టీకి కెటిల్ పెట్టాడు. ఎప్పటిలా ఒక కప్పు తీసి ఆగిపోయాడు. ఇరవై రెండేళ్లలో సెనేట్ తీర్మానాన్ని ఒక్కసారీ దాటలేదాయన. వాయిదా పడ్డ విషయాన్ని రిజిస్ట్రారు సొంతంగా తేల్చేయకూడదు. రెండో కప్పు కూడా తీసి, మ్యురియల్‌కి ఇష్టమైనట్టు టీ కంటే ముందు పాలు పోశాడు.

వచ్చే సమావేశం మళ్లీ అక్టోబరులోనే. కుర్చీని గుమ్మం వైపు తిప్పుకుని కూర్చున్నాడు.