రెండూ కుడిచేతులే

క్షమించడంలో తనను మించినవాడు లేడని టైలరుకు గట్టి నమ్మకం. ప్రతి ఆదివారం చర్చి ఆరాధనలో, దేవుడు తన బతుకులో చేసినదాని గురించి సాక్ష్యం చెప్పడానికి అందరికంటే ముందు లేచేవాడు. ఎప్పుడూ ఒకటే సాక్ష్యం. ముప్పై ఏళ్ళ కిందట ఇద్దరూ ఒకే కొట్లో పనిచేసేటప్పుడు ఎవరిదో పెళ్ళికోటుకు తన తమ్ముడు రెండు చేతులూ కుడివైపువే కత్తిరించాడట, ఖరీదైన బట్ట పాడైందట, యజమాని వాణ్ణి మెడపట్టి గెంటాడట. తను మాత్రం వాణ్ణి మనసారా క్షమించాడట! చెబుతూ చెబుతూ కళ్ళు కూడా తుడుచుకునేవాడు, సిగ్గులేని మనిషి.

నిజానికి ఆ బట్ట కత్తిరించింది తనే. రెండో చేతికి బట్ట తిరగేసి పరవడం మరిచాడు. యజమాని కేకలేస్తే నోరు విప్పకుండా తమ్ముడివైపు చూశాడు, అంతే. చెప్పగా చెప్పగా ఆ అబద్ధాన్ని తనే నమ్మేశాడు.

మొన్న సోమవారం తమ్ముడు మెట్లెక్కి మేడమీది కొట్లోకి వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"అన్నయ్యా, బాగున్నావా?"

టైలరు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చేతులు చాచాడు. "రారా! నిన్నెప్పుడో క్షమించేశాను."

"నేనూ ఆ మాటే చెబుదామని వచ్చా. నిన్ను ఆ రోజే క్షమించాను. ఇక కలిసుందాం అన్నయ్యా."

"నన్నా? నన్ను క్షమించడానికి నువ్వెవడివిరా? నేనేం చేశానని?"

తమ్ముడు బల్లమీది కత్తెరవైపు చూశాడు. టైలరుకు ఒళ్ళు మండిపోయింది.

"పోరా బయటికి! మళ్ళీ ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతా!"

తమ్ముడు మెట్లు దిగాడు.

మూల కూర్చుని కాజాలు కుడుతున్న భార్యవైపు తిరిగాడు టైలరు. "వాడి పొగరు చూశావా? క్షమించమని నేను అడిగానా?"

ఆమె పళ్ళతో దారం తెంపింది. "ఆ కోటు సంగతి నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. నిద్రలో కలవరించావు."

టైలరు ఇస్త్రీపెట్టె అందుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు.

"క్షమాపణ అడిగితేనే దొరికేదైతే నీకీ జన్మలో దక్కదు. అందుకే అడక్కుండా ఇచ్చిపోయాడు. నువ్వు వారంవారం చెప్పే ఆ దేవుడూ అలాగే ఇస్తాడట. ఒక్కసారైనా పుచ్చుకున్నావా?"

ఆమెను తిట్టబోయి ఆగాడు. తనను చూసి తనకే అసహ్యం పుట్టింది. మెడలో టేపుతోనే, చెప్పులైనా లేకుండా మెట్లు దిగి వీధిలో పడి పరిగెత్తాడు.

"ఆగరా వెధవా!" జనమంతా తిరిగి చూస్తుండగా తమ్ముడి వెనక అరిచాడు. "నేనేరా కత్తిరించింది! నేనేరా!"