పక్క సీటు

“దారి మధ్యలో ఆగిపోతేనో?” అంది సరళకుమారి.

కారు ఇంకా ఇంటికి రానే లేదు. రేపు తెచ్చి చూపిస్తామన్నారంతే. దిల్లీలో ఆర్కే పురం క్వార్టర్స్‌లో వాళ్ళది కింది వాటా. వంటింటి గడపలో నిలబడి, పిండి అంటిన చేతిని అలాగే గాలిలో పట్టుకుని ఆమె భర్తవైపు చూసింది. సిలాసు కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఈమధ్యనే శుక్లం తీశారు.

“ఆగితే ఆగుద్ది. నా స్కూటరు ఆగలేదూ?”

“స్కూటరు ఆగితే మీరు తోసుకొచ్చారు. కారు ఆగితే అనుగ్రహేం తోసుద్దండీ, ఆ కాలుతో?”

సిలాసు కంటి మీది గుడ్డ సర్దుకున్నాడు.

అనుగ్రహ వాళ్ళకు ఒక్కతే కూతురు. నడక నేర్చిన కొత్తలో జ్వరం వచ్చి, పోతూ పోతూ ఎడమ కాలి సత్తువ పట్టుకుపోయింది. ఇనప పట్టీల బూటు తొడుక్కుని నడుస్తుంది. నెహ్రూ ప్లేస్ అవతల ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. ఇన్నాళ్ళూ సిలాసు తన డ్యూటీకి ముందు ఆమెను స్కూటరు మీద దింపి, సాయంత్రం మళ్ళీ తెచ్చేవాడు. ఇప్పుడు కంటి డాక్టరు స్కూటరు ముట్టుకోవద్దన్నాడు. ఆటోవాళ్ళు రమ్మంటే రారు. బస్సు మెట్టు ఆమె మోకాలంత ఎత్తు, పైగా అది పూర్తిగా ఆగేది ఎప్పుడు? ఉద్యోగం మానిపిద్దామని సరళకుమారి ఒకసారి నోటిదాకా తెచ్చుకుంది కూడా. కూతురి మొహం చూసి మింగేసింది.

అలాంటప్పుడు దొరికింది ఈ కరెంటు కారు. పక్క బ్లాకులో ఉండే మల్లికార్జున గారికి హైదరాబాదు బదిలీ అయింది. ఆయన దాన్ని అమ్మేసి వెళ్తానన్నారు. గేర్లు లేవు, క్లచ్చి లేదు, తొక్కడానికి రెండే పెడల్స్, రెండూ కుడికాలికే. అనుగ్రహ దానిమీదే నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది. నాన్నకు చెప్పింది, అమ్మకు చెప్పలేదు.

“ఆదివారం దాకా నడిపి చూడమ్మా. నచ్చితే ఉంచుకో, లేదంటే తాళం ఇచ్చెయ్,” అన్నారు మల్లికార్జున గారు.

“నాదేముంది, మీ అమ్మ సరేనంటే సరే,” అన్నాడు సిలాసు. ఆ ఇంట్లో అది అన్నిటికన్నా పెద్ద తాళం.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. సరళకుమారికి కీడెంచేసరికే పొద్దు గూకేది. ఎనిమిదితో చదువు ఆపేసింది గానీ భయంలో మాత్రం ఎమ్మే పాసయిందని సిలాసు ఎగతాళి. పాలు పొంగితే ఇల్లంటుకుంటుందనీ, వేళగాని వేళ ఫోను మోగితే ఎవరో పోయారనీ అనుకునే మనిషి. ఆమెను కరెంటు నింపుకున్న డబ్బాలో కూర్చోమంటే ఎలా ఉంటుంది?

కారు వచ్చింది. రెండు తలుపులు, గుండ్రటి దీపాలు. పక్క వాటా కమలేష్ ఆంటీ చుట్టూ తిరిగి చూసి, “సరళా, ఇస్మే సెల్ కహాఁ డాల్తే హైఁ?” అని అడిగింది, సెల్లులు ఎక్కడ వేస్తారని. అందరూ నవ్వారు. సరళకుమారి నవ్వలేదు. కిటికీలోంచి వైరు లాగి కారుకు తగిలించినప్పుడు, అందర్నీ రబ్బరు చెప్పులు వేసుకునేదాకా దగ్గరికి రానివ్వలేదు. ఆ రాత్రి వానొచ్చి కారు తడిసి, ఆ తడి వైరెక్కి, వైరు ఇంట్లోకొచ్చినట్టు కల కన్నది.

పొద్దున్నే ఆమె తన షరతు చెప్పింది.

“నేనూ వస్తా. పక్క సీట్లో కూర్చుంటా.”

“మమ్మీ, అది ఆఫీసు. నువ్వొచ్చి ఏం చేస్తావ్?”

“నిన్ను దింపి బస్సెక్కి వచ్చేస్తా. సాయంత్రం మళ్ళీ బస్సెక్కి వస్తా.”

అనుగ్రహ బూటు పట్టీ బిగిస్తున్నదల్లా తలెత్తింది. “అంటే, నేను ఒక్కదాన్నే కార్లో వెళ్తే భయమని, నువ్వు ఒక్కదానివే రోజూ రెండు బస్సులెక్కుతావ్. ఠీక్ హై, మమ్మీ. చాలా సేఫ్.”

“వెక్కిరించమాక.”

అలాగే మొదలైంది. పొద్దున సరళకుమారి బోనెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. రబ్బరు చెప్పులతో ఎక్కి, కాళ్ళు కొంచెం పైకెత్తి కూర్చునేది. మొదటిరోజు కళ్ళు గట్టిగా మూసుకుని, “ఎప్పుడు స్టార్టవుద్దే?” అని అడిగింది.

“మునిర్కా దాటేశాం మమ్మీ.”

కళ్ళు తెరిచి చూస్తే నిజమే. చప్పుడు లేదు, కుదుపు లేదు. అదీ ఒక భయమే అయింది. ఈ కారు వస్తున్నట్టు ఎదుటివాడికి ఎలా తెలుస్తుంది? అందుకని దారి పొడుగునా, “హారన్ కొట్టు, అనూ, హారన్ కొట్టు,” అంటూనే ఉండేది. ఎడమ పక్కనుంచి బస్సు వస్తే ఎడమ చెయ్యి, కుడిపక్కనుంచి వస్తే కుడి చెయ్యి అడ్డం పెట్టేది, బస్సు ఆగిపోతుందన్నట్టు. ఒకసారి ఆ చెయ్యి అనుగ్రహ కళ్ళకే అడ్డం వచ్చింది.

మే నెల. ఊరంతా పెనంలా ఉంది. చిరాగ్ దిల్లీ దగ్గర బస్సులకు వేరే బాట వేసి, మిగతా బళ్ళన్నిటినీ మిగిలిన సందులోకి తోశారు. అక్కడ నిలబడితే చాలాసేపు నిలబడటమే. శుక్రవారం సాయంత్రం అలాగే ఇరుక్కున్నారు. సరళకుమారికి చెమటలు కారి జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. కొంగుతో విసురుకుంటోంది. అనుగ్రహ ఓరగా చూసి ఏసీ వేసింది.

చల్లగాలి మొహానికి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. “ఇదొక్కటి మాత్రం బాగుందే,” అంది. ఆ వారంలో కారును ఆమె మెచ్చుకున్న మాట అదొక్కటే.

ఐఐటీ దాటుతుండగా కారు మెత్తబడింది. ఎంత తొక్కినా నడవనంటోంది. వెనక బళ్ళు హారన్లు. అనుగ్రహ మీటరు చూసి, ఏసీ ఆపి, మెల్లగా ఎడమకు తీసింది. జియా సరాయ్ సందు మొదట్లో, పుస్తకాల కొట్టు ముందు ఆగిపోయింది.

“చెప్పానా?” అంది సరళకుమారి. “ఆగిపోయింది. చెప్పానా నేను?”

“చెప్పావు మమ్మీ.”

“ఇప్పుడేం చేస్తాం? నాన్నకి ఫోన్ చెయ్. వద్దు, ఆ కంటితో ఆయనెలా వస్తారు? మల్లికార్జున గారికి చెయ్. ఆయనా ఊళ్ళో లేరేమో! ఓ దేవా!”

“టెన్షన్ వద్దు. ఏసీ ఎక్కువసేపు వేశాగా, తొందరగా దిగిపోయింది. కాసేపు ప్లగ్గు దొరికితే చాలు, ఇల్లు ఇంకెంతో దూరం లేదు.” అంటూనే తలుపు తీసి దిగింది. సీటు వెనకనుంచి వైరు చుట్ట తీసి భుజానికి తగిలించుకుంది.

“ఆగు, నేనొస్తున్నా, చెయ్యి పట్టుకుంటా...”

“నువ్వు కారు చూసుకో. నో పార్కింగ్ అని ఎవరన్నా వస్తే చెప్పాలిగా.”

సరళకుమారి పక్క సీట్లోనే ఉండిపోయింది.

అద్దంలోంచి చూసింది. అనుగ్రహ సందులోకి నడుస్తోంది. కుడికాలు వేసి, ఎడమ కాలిని ఇనప పట్టీలతో సహా ముందుకు విసిరి, మళ్ళీ కుడికాలు. అద్దె గదుల కోసం తిరిగే కాలేజీ పిల్లలు, జెరాక్సు కొట్ల ముందు గుంపులు. ఎవరో స్కూటరు మీద అడ్డంగా వచ్చాడు. సరళకుమారి చెయ్యి దానంతటదే లేచింది. వాడు పక్కకు తప్పుకున్నాడు. అనుగ్రహ వాడికి దారివ్వలేదు, తన అడుగు తాను వేసింది. కాలవ మీది పలక ఊగుతుంటే ముందు బూటుతో తట్టి చూసి, ఆ తర్వాత దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కూతుర్ని వెనకనుంచి చూడడం సరళకుమారికి అదే మొదటిసారి. పసితనంలో చంకనేసుకుంది. బడికీ చర్చికీ ఆస్పత్రికీ చెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది. ఎప్పుడూ కింద రాళ్ళూ గుంటలూ చూసుకుంటూ నడిచింది తప్ప ఆ పిల్ల నడకను చూసింది లేదు. చిన్నప్పుడు ఈ నడకే కదా, ఎవరన్నా చూస్తారని తను చీరకొంగు అడ్డం పెట్టింది! ఆ నడకే ఇప్పుడు సందు మధ్యలో, అందరూ చూస్తుండగా పోతోంది.

సందు మలుపులో ఒక పెద్దావిడ నులకమంచం మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. అనుగ్రహ ఆమెతో ఏదో అంది. పెద్దావిడ కారువైపు కళ్ళు చికిలించి చూసి గట్టిగా నవ్వడం ఇక్కడికి వినబడింది.

“గాడీ హై కి ఫ్రిజ్? ప్లగ్‌మే లగానా హై?” అంటోంది, ప్లగ్గులో పెట్టడానికి ఇది కారా ఫ్రిజ్జా అని. అంటూనే లోపలికి కేకేసి ఎవరినో పిలిచింది. అద్దెకుండే పిల్లలు ఇద్దరొచ్చి కారును ఆ గుమ్మం దాకా తోశారు. తోస్తుంటే లోపల కూర్చున్న సరళకుమారికి సిగ్గేసి, “ఉండండి బాబూ, దిగుతా, రుకో, రుకో,” అంది. “బైఠియే ఆంటీ,” కూర్చోండని వాళ్ళు నవ్వుతూ తోసుకుపోయారు.

కిటికీలోంచి వైరు వచ్చింది. ఎర్ర లైటు వెలిగింది. పెద్దావిడ మంచం మీద చోటిచ్చి, ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో చల్లటి మజ్జిగ తెచ్చింది. “బిటియా అకేలీ ఆతీ జాతీ హై?” అని తల్లిని అడిగింది, అమ్మాయి ఒక్కతే వచ్చిపోతుంటుందా అని.

సరళకుమారి గ్లాసు నోటికి ఎత్తుకుంది. అనుగ్రహే చెప్పింది, “అభీ నహీఁ.” ఇంకా లేదని.

పెద్దావిడ బెండకాయల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. పొద్దు వాలింది. పై అంతస్తుల్లో ఆరేసిన లుంగీలు, తువ్వాళ్ళు ఊగుతున్నాయి. ఎక్కడో కుక్కరు కూస్తోంది.

“మమ్మీ,” అంది అనుగ్రహ గ్లాసులోకి చూస్తూ, “ఎల్లుండి ఆదివారం. అంకుల్‌కి ఏదో ఒకటి చెప్పాలి. కారు ఉంచుకుందాం. సోమవారం నుంచి నేను ఒక్కదాన్నే వెళ్తా. సరేనా?”

సరళకుమారికి వినబడింది. ఫ్లైఓవరు మీద ఆగితే? వానలో ఆగితే? ప్లగ్గు ఇచ్చే ఇల్లు లేని చోట ఆగితే? చెప్పడానికి సరిపడా కీడు ఉంది. ఒక్కొక్కటే లోపలినుంచి నాలుక చివరిదాకా వచ్చి, సందులో విసిరి విసిరి పోయిన ఆ కాలు గుర్తొచ్చి, అక్కడే ఆగిపోతోంది. పోనీ సరే అనేద్దామంటే, ఆ మాట అన్నాక? సోమవారం నుంచి ఆ పక్క సీట్లో ఏముంటుంది? టిఫిన్ డబ్బా పెట్టుకుంటుంది కాబోలు.

మజ్జిగ అయిపోయింది. పుస్తకాల కొట్టులో లైట్లు వేశారు. పెద్దావిడ వచ్చి ఖాళీ గ్లాసులు తీసుకుని, ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. కారు మీద దుమ్ములో ఎవరో పిల్లవాడు వేలితో పువ్వు గీసిపోయాడు. సరళకుమారి లేచి వెళ్ళి, మంచం కింద రబ్బరు చెప్పులు విప్పిన సంగతి కూడా మర్చిపోయి, ఒట్టి కాళ్ళతో కారు పక్కన నిలబడి కొంగుతో ఆ దుమ్మంతా తుడిచింది. తుడిచి, కూతురివైపు తిరక్కుండానే అంది.

“చేరగానే ఒక మిస్సుడు కాల్ ఇవ్వాలి. మర్చిపోయావంటే ఊరుకోను.”