గోడ మీది కుట్టుమిరప

మాసిడోనియా అంతా గాలించినా నా అంత నాలుక ఉన్న మనిషి దొరకదు. ఇది గొప్ప కాదు, ఉన్న మాట. కళ్ళకు గంతలు కట్టి నోట్లో మిరపకాయ ముక్క పెట్టండి, అది ఎవరి దొడ్లో కాసిందో, ఎన్ని నీళ్ళు తాగిందో చెప్పేస్తాను. ఊళ్ళో వెలికా అంటే అందుకే అంత పేరు. కిట్టనివాళ్ళు నాకు ముక్కు మీద కోపం అంటారు. అదీ నిజమే.

మా ఇంట్లో పండేది కుట్టుమిరప. కాయ ఎర్రబడ్డాక తోలు మీద సన్నటి గీతలు లేస్తాయి, చొక్కా చేతి అంచున సూదితో కుట్టినట్టు. గీతలు ఎంత దట్టంగా ఉంటే అంత కారం. కారానిదేముంది, ఎవరి కాయకైనా ఉంటుంది. మా కాయ ముందు తియ్యగా తగులుతుంది, ఎండిన రేగుపళ్ళ వాసన వేస్తుంది. రొట్టె ముక్క నమిలి మింగేలోగా కారం మెల్లగా నాలుక అంచులకు ఎక్కుతుంది. మా అత్తగారు పోతూ పోతూ నా చేతిలో పెట్టిన విత్తనం అది. ఆవిడ నాకు ఇంకేమీ ఇవ్వలేదు, తిట్లు తప్ప.

మా ఊళ్ళో మిరప విత్తనం ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. అడిగి తెచ్చుకున్న గింజ మొలవదు. దొంగిలించాలి. కాయలన్నీ తొడిమలకు దారం గుచ్చి, దండలు కట్టి గోడకు వేలాడదీస్తాం కదా, కావలసినవాళ్ళు చలికాలంలో వచ్చి ఒక కాయ తుంచుకుపోతారు. ఇంటివాళ్ళు మొహం అటు తిప్పుకోవాలి. చూశారంటే ఇచ్చినట్టే లెక్క, గింజ చచ్చినట్టే. దండ చివర చేతికి అందేలా కట్టడం మర్యాద. పైకి కట్టినవాళ్ళను పిసినారులంటారు.

నిరుడు ఆ మర్యాదే నా కొంప ముంచింది. ద్రాక్ష కోతల పండగలో నా కారప్పొడి రుచి చూసి జనం లొట్టలు వేశారు. ఇంకేం, చలికాలమంతా నా గోడ దగ్గర తిరనాళ్ళే. కిటికీ అవతల ఎవరి తల కనబడినా పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను. పక్కింటి పెట్కానా వచ్చింది, తిరిగాను. ఆవిడ మరిది వచ్చాడు, తిరిగాను. పెద్ద మర్యాదస్తురాలిని కదా. తీరా నారు పోసే వేళకు బయటికి వెళ్ళి చూస్తే గోడకు వట్టి దారాలు వేలాడుతున్నాయి. వంటకు దాచుకున్నవి ఎప్పుడో దంచేసుకున్నాం. ఒక్క గింజ లేదు.

ఈ ఏడు ఊరంతా గోడలు ఎర్రగా ఉన్నాయి, నా గోడ ఒక్కటే బోసిగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది. ఎవరి గోడకో వెళ్ళి తెంపుకోవచ్చు, కాని మా వాళ్ళు నాలుగిళ్ళ కాయలూ ఒకే సంచిలో పడేసి కలిపి విత్తుకుంటారు. అందులో నాది ఏదో ఎవరికి తెలుసు? పైగా పక్కనే పచ్చడి కోసం తియ్య మిరప వేస్తారు, తేనెటీగలు అటూ ఇటూ తిరిగితే లోపలి గింజ చెడుతుంది. ఈ చలికాలం అసలు విత్తనం దొరక్కపోతే మా అత్తగారి కాయ నాతోనే సరి.

నా కోడలు బిసెరా స్కోప్యే పట్నం పిల్ల. మొన్ననే కాపురానికి వచ్చింది. నా మొహం చూడలేక, బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తలా ఒక కాయ అడిగి తెచ్చింది. తినడానికి అడగడంలో తప్పు లేదు. వంటింటి బల్ల మీద రొట్టె, తెల్ల జున్ను పెట్టి, నన్ను కళ్ళు మూసుకోమంది.

మొదటిది నోట్లో పెట్టగానే చెప్పాను, అది పెట్కానాదని, రోజూ నీళ్ళు పోసి కాయను చంపేసిందని. రెండోది వట్టి మంట, వాసన లేదు. తర్వాతవాటికీ ఏదో ఒక వంక దొరుకుతూనే ఉంది. ఇక చాలనుకునేసరికి ఇంకో ముక్క అందించింది.

నమలడం ఆపేశాను. ఆ తీపి. ఆ రేగుపళ్ళ వాసన. కారం ఎక్కడ ఎక్కాలో అక్కడే ఎక్కింది. నాదే, అనుమానం లేదు. కాని మా దొడ్లో ఏనాడూ అంత వాసన రాలేదు. నాది నాకంటే బాగా ఎవరో పండించారు. ఒళ్ళు మండిపోయింది.

"ఎవరిదే ఇది?"

బిసెరా కాసేపు నసిగింది. "కొండ మీది సెవ్దా గారిది, అత్తయ్యా."

సెవ్దా, నేను ఒకే వారంలో ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. ఒకే పొయ్యి మీద మిరపకాయలు కాల్చుకున్నవాళ్ళం. ఒకరోజు కొట్లో పదిమంది ముందు, వెలికా కాయకు కారమే గాని వాసన లేదంది. అంతే, ఆ రోజు నుంచి మా మధ్య మాటా పలుకూ లేవు. చర్చిలో ఎదురుపడితే నేను కొవ్వొత్తుల వంక చూసేదాన్ని. అలాంటిది నా గోడకే వచ్చి నా కాయే తెంపుకుపోయిందన్నమాట! కొండ మీద దాని తోట ఒక్కటే ఉంది, చుట్టుపక్కల తియ్య మిరప లేదు. కాబట్టి గింజ కూడా దాని దగ్గరే చెడకుండా ఉంది.

గింజలు పళ్ళెంలోనే ఉన్నాయి కదా, దాచుకుందామంది బిసెరా. అడిగి తెచ్చినవి మొలవవన్నాను. నవ్వింది. నవ్వుకోనీ, నారుమడి నాది. పళ్ళెం కోళ్ళకు దులిపేసి తలగుడ్డ కట్టుకున్నాను.

సెవ్దా వాకిట్లో స్టూలు మీద కూర్చుని కాల్చిన మిరపకాయల తొక్క ఒలుస్తోంది. వెనక గోడకు దండలు, చివరలు చేతికి అందేలానే ఉన్నాయి. నేను కంచె దగ్గర నిలబడి, నువ్వు తిరుగుతావా లేదా అన్నట్టు దగ్గాను. తిరగలేదు. కత్తి పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. పోనీ అని ఇంటి పక్క గోడ వైపు వెళ్ళాను. గిన్నె చంకన పెట్టుకుని, స్టూలు ఈడ్చుకుంటూ అటే వచ్చి కూర్చుంది.

తిరిగి వెళ్ళిపోదామనిపించింది. కాళ్ళు రెండడుగులు వేశాయి కూడా. కాని నేను వెళ్తే ఆ కాయ ఇక మా గోడ ఎక్కదు.

"సెవ్దా," అన్నాను. "అటు తిరగవే."

"ఏమన్నావ్?"

"అటు తిరుగు. నీ కాయ నా కాయ కంటే బాగుంది. దొంగతనం చేసుకోనీ."

సెవ్దా కత్తి గిన్నెలో పడేసింది. తర్వాత మెల్లగా లేచి, లోయ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నేను ఒక కాయ తుంచి జేబులో వేసుకున్నాను.

"నిరుడు మీ గోడ దగ్గరికి వచ్చినప్పుడు," అంది అటు తిరిగే, "కాయ తుంచాక కూడా చాలాసేపు నిలబడ్డాను. మంచు పడుతోంది. నువ్వు ఇటు తిరుగుతావేమోనని."

వెళ్ళి గిన్నె పక్కన కూర్చుని, ఇంకో కత్తి తెమ్మన్నాను.